1920ల నాటి అమెరికన్ యూనివర్సిటీలో విద్యార్థి జీవితం: హాస్టలు, మెస్, కాలేజీ డే గురించి అడిగిన నవలా రచయితకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1925 ప్రాంతంలో కృష్ణా జిల్లా నుంచి అమెరికా వెళ్ళి, అక్కడి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుకునే యువకుని గురించి మీరు నవల రాస్తున్నారు. అతని హాస్టలు గది, మెస్‌లో భోజనం, కాలేజీ వార్షికోత్సవం, విద్యార్థుల ఊరేగింపులు నమ్మదగినట్లుగా ఉండాలంటే ఏమేమి తెలుసుకోవాలని అడిగారు. నేను అమెరికాలో ఒక గ్రంథాలయంలో చాలా ఏళ్ళపాటు పాత విద్యార్థి పత్రికలు, ఇయర్‌బుక్కులు, ఉత్తరాలు వర్గీకరించే పని చేశాను. ఆ అనుభవంతో, నాకు బాగా తెలిసిన మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాన్ని ఆధారంగా తీసుకుని చెబుతాను. మీ కథకు ఆ చోటు ఎందుకు సరిపోతుందో కూడా కిందనే వస్తుంది.

ముందుగా సూటి సమాధానం: మీ కథానాయకుడికి హాస్టలు ఉండదు, మెస్ ఉండదు, కాలేజీ డే అసలే ఉండదు. అతను ఊళ్ళో ఎవరి ఇంట్లోనో అద్దె గదిలో ఉంటాడు, ఏదో ఒక భోజనశాలలో గిన్నెలు కడిగి అక్కడే తింటాడు, యూనివర్సిటీలో పేరున్న వేడుకలన్నీ చాలావరకు బయటి నుంచి చూస్తాడు. ఆ రోజుల్లో ఒక విద్యార్థికి క్యాంపస్ ఎలా కనిపిస్తుందన్నది అతను చదివే కోర్సును బట్టి కాక, ఎక్కడ పడుకుంటాడు, ఎక్కడ తింటాడు అన్నదాన్ని బట్టి ఉండేది. ఈ ఒక్క సంగతి సరిగా పట్టుకుంటే తక్కిన వివరాలు వాటంతట అవే కుదురుకుంటాయి.

హాస్టలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు రాసేటప్పుడు ఎక్కువగా తడబడేది ఇక్కడే. విస్కాన్సిన్ యూనివర్సిటీ 1848లో ఏర్పడింది. 1851లో కట్టిన మొదటి భవనం నార్త్ హాల్ మగపిల్లల వసతిగృహమే. తరువాతి కాలంలో ప్రకృతి రచయితగా, అడవుల పరిరక్షకుడిగా ప్రసిద్ధుడైన జాన్ మ్యూర్ 1860ల తొలినాళ్ళలో అక్కడే ఉండేవాడు. పొద్దున్నే దానంతటదే ఒరిగి తనను నిలబెట్టే గడియారపు మంచాన్నీ, ఒక్కొక్క పుస్తకాన్నీ నిర్ణీత సమయం పాటు ముందుంచి తరువాత మార్చే బల్లనూ అతను స్వయంగా చెక్కతో తయారు చేసుకున్నాడు. ఆ బల్ల ఇప్పటికీ విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ దగ్గర భద్రంగా ఉంది. కానీ 1880ల తరువాత యూనివర్సిటీ మగపిల్లలకు వసతి ఇవ్వడం మానేసింది. మళ్ళీ ఆడమ్స్ హాల్, ట్రిప్ హాల్ అనే రెండు వసతిగృహాలు సరస్సు ఒడ్డున తెరిచింది 1926లో. మధ్యలో నాలుగు దశాబ్దాల పాటు మగ విద్యార్థులందరూ ఊరి మీదనే ఆధారపడ్డారు. 1920ల మధ్యనాటికి ఏడెనిమిది వేల మంది చదువుకునే చోట రెండు భవనాలు ఎందరికి సరిపోతాయి? కాబట్టి 1926 తరువాత కూడా మీ కుర్రాడికి అద్దె గదే దిక్కు.

ఆడపిల్లల విషయం వేరు. వారికి 1871లో కట్టిన లేడీస్ హాల్, 1913లో వచ్చిన బర్నార్డ్ హాల్ ఉండేవి. లేడీస్ హాలుకు 1901లో పేరు మార్చిన కథ చెప్పకుండా ఉండలేను. 1860ల చివర అధ్యక్షుడుగా ఉన్న పాల్ చాడ్‌బోర్న్ ఆడామగా కలిసి చదవడానికి ససేమిరా అన్నాడు. ఆయన పట్టుదల వల్లనే ఆడపిల్లలను వేరు కళాశాలగా విడదీశారు. 1874లో జాన్ బాస్కమ్ అధ్యక్షుడయ్యాక గాని ఆ గోడ కూలలేదు. చాడ్‌బోర్న్ మొండితనానికి తగిన శిక్షగా, సహవిద్యకు ఆయువుపట్టుగా నిలిచిన ఆ భవనానికి ఆయన పేరే పెట్టించానని, 1901లో తాత్కాలిక అధ్యక్షుడుగా ఉన్న ఎడ్వర్డ్ బర్జ్ తరువాత చెప్పుకున్నాడు. చాడ్‌బోర్న్ హాల్ అనే పేరు ఇప్పటికీ ఉంది, ఇప్పటి భవనం మాత్రం కొత్తది. మీ నవలలో అమ్మాయి పాత్ర ఉంటే ఆమె ఏ ఇంట్లో ఉన్నా రాత్రి తలుపులు మూసే వేళ ఒకటి ఉంటుంది. స్త్రీ విద్యార్థుల డీన్ అనే అధికారి ఆ నియమాలను గట్టిగా అమలు చేయించేది. మగపిల్లలకు అలాంటి వేళ లేదు. ఈ తేడా 1960ల చివరి వరకూ సాగింది. మీ కథలో ఇద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా సరస్సు ఒడ్డున మాట్లాడుకుంటూ కూర్చుంటే, మరునాడు ఆమె ఎవరికో సంజాయిషీ ఇచ్చుకోవలసి ఉంటుందని మరచిపోకండి.

ఇక అద్దె గదులకు పైన ఫ్రాటర్నిటీ ఇళ్ళు. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే ఈ సంఘాలు సొంత భవనాలు, సొంత వంటవాళ్ళు, సొంత నృత్యోత్సవాలతో క్యాంపస్ సాంఘిక జీవితాన్ని తమ చేతుల్లో పెట్టుకున్నాయి. సభ్యత్వం అడిగితే వచ్చేది కాదు, వాళ్ళు పిలవాలి. ఆసియా నుంచి వచ్చిన విద్యార్థిని ఆ రోజుల్లో పిలిచే అవకాశం దాదాపు లేదు. నల్లజాతివారికీ, చాలా ఇళ్ళలో యూదులకూ కూడా తలుపులు మూసే ఉండేవి. మీ కథానాయకుడు వంటింటి తలుపు గుండా లోపలికి వెళ్ళవచ్చు, వడ్డించవచ్చు, గిన్నెలు కడగవచ్చు. ఇది అవమానంగా రాయవలసిన పని లేదు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన అమెరికన్ కుర్రాళ్ళు కూడా అదే పని చేసి చదువుకున్నారు, పని చేసుకుంటూ చదవడం అక్కడ తలవంపు కాదు. మన పాఠకుడికి ఈ సంగతి కొత్తగా ఉంటుంది గనుక దీనికి ఒక అధ్యాయం కేటాయించినా తప్పులేదు.

జయప్రకాశ్ నారాయణ్ గారి జీవితం ఇందుకు మంచి సాక్ష్యం. ఆయన 1922లో అమెరికా చేరి, మొదట బర్కిలీలోనూ, తరువాత అయోవా, విస్కాన్సిన్, ఒహాయో రాష్ట్రాల్లోనూ చదివారు. ఫీజుల భారం ఒక కారణం కాగా, ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారుతూ, పళ్ళతోటల్లో, డబ్బాల కర్మాగారంలో, భోజనశాలల్లో కూలి చేసి బతికారు. ఆయన మార్క్స్‌ను చదివి సోషలిస్టుగా మారింది మాడిసన్‌లోనే. మీ కథానాయకుడు ఆ ఊరికి వస్తే ఇలాంటి మనిషి తారసపడటం కల్పనగా అనిపించదు. తెలుగువాడు కావాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారు. చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 1917 నాటి వలస చట్టం భారతీయుల రాకను నిషేధించినా విద్యార్థులను మినహాయించింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంటే మీ కుర్రాడు చదువు ముగిశాక అక్కడ స్థిరపడాలన్న కల కనవచ్చు గాని, అది చట్టం ఒప్పుకోని కల. ఇప్పటి అమెరికా చదువుల ఆలోచనలను అతని తలలోకి ఎక్కించకండి.

భోజనం గురించి అడిగారు. శాకాహారి అయితే మన తరహా అన్నం, పప్పు భోజనం దొరకదు కాని పాలు, వెన్న, రొట్టె, బంగాళాదుంపలతో గడిచిపోతుంది. విస్కాన్సిన్ పాడి రాష్ట్రం. పాలలో వెన్న శాతం కొలిచే పరీక్షను 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ కనిపెట్టింది ఈ యూనివర్సిటీలోనే. పసుపు రంగు వేసిన మార్గరిన్ అమ్మకాన్ని నిషేధించి 1967 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించిన రాష్ట్రం అది. అక్కడి బల్ల మీద పెట్టేది అసలు వెన్నేనని మీరు నిశ్చింతగా రాయవచ్చు.

ఇప్పుడు వేడుకల సంగతి. మన కాలేజీ డేలా యాజమాన్యం జరిపి, ముఖ్య అతిథిని పిలిచి, బహుమతులు పంచే సభ వారికి లేదు. వారి వేడుకల్లో ఎక్కువ భాగం విద్యార్థులే ఏర్పాటు చేసుకునేవారు, విద్యార్థులే డబ్బు పోగుచేసేవారు, గొడవ చేసేదీ వారే. ఏడాది క్రమం ఋతువులతో ముడిపడి ఉంటుంది.

సెప్టెంబరులో తరగతులు మొదలవగానే రెండో ఏడాది వారికీ కొత్తవారికీ మధ్య కుమ్ములాట జరిగేది. పూర్వం మెండోటా సరస్సు ఒడ్డున జరిగే ఈ తోపులాటలో కొత్తవారిని నీళ్ళలో పడేసేవారు. దెబ్బలు మితిమీరడంతో దాన్ని గడ్డి కూరిన సంచులను లాక్కునే పోటీగా మార్చారు. 1920ల్లో అదీ క్రమంగా అంతరించింది. మొదటి ఏడాది వారు తలకు చిన్న ఆకుపచ్చ టోపీ పెట్టుకోవాలి, వసంతకాలంలో అందరూ కలిసి ఆ టోపీలను మంటలో వేసేవారు. మీ వాడు పై తరగతికి నేరుగా వచ్చి చేరితే ఈ టోపీ బాధ తప్పుతుంది.

అక్టోబరు, నవంబరు నెలలు ఫుట్‌బాల్‌వి. అంతర్యుద్ధ కాలంలో సైనికులకు శిక్షణ ఇచ్చిన క్యాంప్ రాండాల్ మైదానంలో 1917 నుంచి స్టేడియం ఉంది. పూర్వ విద్యార్థులు తిరిగివచ్చే హోమ్‌కమింగ్ వారాంతం ఇక్కడ 1911లో మొదలైంది. న్యాయశాస్త్ర విద్యార్థులు నల్ల టోపీలు, చేతికర్రలతో ఊరేగుతూ మైదానంలోకి వచ్చి, గోల్‌పోస్ట్ మీదుగా కర్ర విసిరి అవతల పట్టుకునే ఆచారం ఉంది. పట్టుకున్నవాడు తన మొదటి కేసు గెలుస్తాడని నమ్మకం. ఆ న్యాయ విద్యార్థులకూ ఇంజనీరింగ్ వారికీ పాత పగ. ఐర్లండ్ క్రైస్తవ సాధువు సెయింట్ పాట్రిక్ తమ వృత్తివాడేనని ఇంజనీర్లు, కాదు వకీలని వీరు వాదించుకునేవారు. వసంతంలో ఇంజనీర్లు తీసే ఊరేగింపు మీద కుళ్ళిన గుడ్ల వాన కురిసేది. నవలకు ఇంతకన్న మంచి దృశ్యం దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే బయటివాడి కళ్ళకు ఇది పూర్తిగా అర్థంకాని వ్యవహారం.

మిన్నెసోటాతో ఫుట్‌బాల్ పోటీ 1890 నుంచి సాగుతోంది. 1930లో గెలిచినవారికి ఇవ్వడానికి నల్ల వాల్‌నట్ చెక్కతో ఒక ఫలకం చేసి 'స్లాబ్ ఆఫ్ బేకన్' అన్నారు. ఎటు తిప్పి వేలాడదీస్తే ఆ జట్టు అక్షరం కనిపించేలా దాన్ని చెక్కారు. 1940ల్లో అది మాయమైంది, దాని స్థానంలో 1948 నుంచి ఒక గొడ్డలి వచ్చింది. 1994లో స్టేడియం సామాన్ల గదిలో ఆ పాత ఫలకం దొరికింది. విచిత్రం ఏమంటే, పోయిందనుకున్న ఏళ్ళలో జరిగిన పోటీల స్కోర్లు కూడా 1970 దాకా దాని వెనుక రాసి ఉన్నాయి. మీ కాలానికి ఇది పనికిరాదు, కాని చెప్పాలనిపించింది.

శీతాకాలపు వేడుకల్లో ముఖ్యమైనది జూనియర్ ప్రామ్ అనే నృత్యోత్సవం. 1920ల్లో దీన్ని ఏకంగా రాష్ట్ర శాసనసభ భవనం, అంటే కాపిటల్ గుమ్మటం కింద జరిపేవారు. పొరుగూళ్ళ నుంచి అమ్మాయిలు అతిథులుగా వస్తే, ఫ్రాటర్నిటీ కుర్రాళ్ళు తమ ఇళ్ళు ఖాళీచేసి, పెళ్ళివారికి విడిది ఇచ్చినట్లు వారికి అప్పగించి, తాము మరెక్కడో తలదాచుకునేవారు. టికెట్టు, దుస్తులు, పూలు, కారు అన్నీ ఖర్చులే గనుక ఎక్కువమంది విద్యార్థులు ప్రామ్ గురించి విద్యార్థి దినపత్రిక 'డెయిలీ కార్డినల్'లో చదివి సరిపెట్టుకున్నవారే. 1892లో మొదలైన ఆ పత్రిక మీకు చాలా అక్కరకొస్తుంది.

ఇంకొకటి, హేర్స్‌ఫుట్ క్లబ్బు. 1898లో మొదలైన ఈ నాటక సంఘంలో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. రైల్లో ఊరూరా తిరిగి సంగీత హాస్య ప్రదర్శనలు ఇచ్చేవారు. స్థానం నరసింహారావు గారి ఆడవేషాల గురించి విన్న తెలుగు కుర్రాడు ఇది చూసి ఆశ్చర్యపోడు, బహుశా వేషధారణలో తప్పులు కూడా పట్టగలడు. మొత్తం క్యాంపస్‌లో అతనికి ఇంటి వాసన తగిలే ఏకైక సందర్భం ఇదే కావచ్చు.

మద్యం విషయంలో చాలామంది పొరబడతారు. 1920 నుంచి 1933 వరకు దేశమంతటా మద్యనిషేధం. కాబట్టి మీ విద్యార్థులు బహిరంగంగా బీరు తాగరు; ఊళ్ళో గ్రీన్‌బుష్ అనే పేటలో దొంగసారా దొరుకుతుంది, ఫ్రాటర్నిటీ ఇళ్ళలో రహస్యంగా సాగుతుంది. సరస్సు ఒడ్డున విద్యార్థులు కలుసుకునే మెమోరియల్ యూనియన్ భవనం తెరిచింది 1928 అక్టోబరులో, అక్కడి రాట్‌స్కెల్లర్ అనే ఫలహారశాలలో బీరు పోయడం 1933లో. ఆ గది కూడా మొదట్లో మగవారికే. సరస్సు గట్టు మీద రంగురంగుల కుర్చీల్లో కూర్చుని బీరు తాగే ప్రసిద్ధ దృశ్యాన్ని 1925లో పెడితే తెలిసినవారు పుస్తకం మూసేస్తారు.

రాజకీయాల గురించి మీరు అడిగిన దాంట్లో 'విద్యార్థి ఉద్యమాలు' అన్న మాట ఉంది. 1960లను 1920ల్లోకి తీసుకురాకండి. డౌ కెమికల్ కంపెనీ నియామకాలకు వ్యతిరేకంగా 1967 అక్టోబరు 18న జరిగిన ధర్నా మీద పోలీసు లాఠీలు, 1969 ఫిబ్రవరిలో నేషనల్ గార్డ్‌ను దింపించిన నల్లజాతి విద్యార్థుల సమ్మె, 1970 ఆగస్టు 24న స్టెర్లింగ్ హాల్‌లో రాబర్ట్ ఫాస్‌నాక్ట్ అనే పరిశోధకుణ్ణి బలిగొన్న బాంబు, ఇవన్నీ ఇదే క్యాంపస్‌లో జరిగాయి గాని అవి వేరే తరానివి. 1920ల్లో ఆ స్టెర్లింగ్ హాల్ పేరు చెబితే గుర్తొచ్చేది నేలమాళిగ నుంచి ప్రసారమయ్యే రేడియో కేంద్రం.

మీ కాలంలో వేడి ఉన్నది ఉపన్యాసాల చుట్టూ, ఎవరిని మాట్లాడనివ్వాలి అన్న తగాదా చుట్టూ. 1894లో రిచర్డ్ ఈలీ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడి మీద సోషలిస్టు భావాల ఆరోపణ వచ్చినప్పుడు పాలకమండలి ఆయనను సమర్థిస్తూ, సత్యం దొరికేది నిర్భయంగా జల్లించి తూర్పారబట్టే పరిశీలన వల్లనే అని ప్రకటించింది. 1910లో అరాచకవాద నాయకురాలు ఎమ్మా గోల్డ్‌మన్ వచ్చి మాట్లాడినప్పుడు, ఆ సభ సంగతి తరగతిలో చెప్పినందుకు ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడు చిక్కుల్లో పడ్డాడు. అదే ఏడాది పట్టభద్రులైన విద్యార్థులు 1894 నాటి వాక్యాన్ని కంచు ఫలకం మీద పోతపోయించి ఇస్తే, పాలకమండలి దాన్ని గోడకు పెట్టనివ్వడానికి 1915 దాకా పట్టింది. మీ కథానాయకుడు ఆ ఫలకం ఎదుటినుంచి రోజూ నడుస్తాడు. రాస్ కూడా ఇంకా పాఠాలు చెబుతూనే ఉంటాడు.

విదేశీ విద్యార్థులకు ఒక చోటు ఉంది. 1903లోనే ఏర్పడిన ఇంటర్నేషనల్ క్లబ్బులో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ వారు, కొందరు అమెరికన్లు కలిసేవారు. మీ వాడికి స్నేహితులు దొరికేది బహుశా ఇక్కడ, లేదా గిన్నెలు కడిగే చోట. 1927లో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అనే విద్యావేత్త మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీని కూడా కథలోకి తేవచ్చు: మొదటి ఏడాదంతా ప్రాచీన ఏథెన్స్, రెండో ఏడాది ఆధునిక అమెరికా, మామూలు తరగతులు లేవు. న్యూయార్క్ వంటి దూరప్రాంతాల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ కావడం, వారి అలవాట్లు స్థానికులకు నచ్చకపోవడం, నమోదు తగ్గడం, ఆర్థిక మాంద్యం అన్నీ కలిసి 1932లో దాన్ని మూయించాయి.

చివరగా, ఆధారాలను ఎలా చదవాలో చెబుతాను. 'బ్యాడ్జర్' అనే ఇయర్‌బుక్కు పాత సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మీరు ముందుగా వాటినే తెరుస్తారు. ఇయర్‌బుక్కును క్యాంపస్ అద్దం అనుకోవద్దు. ఆ రోజుల్లో అలాంటి పుస్తకాల్లో ఫొటో రావాలంటే సాధారణంగా డబ్బు కట్టాలి, సంఘాల పేజీలకు ఆ సంఘాలే చెల్లించాలి. ఒకసారి ఒక కుటుంబం తమ తాతగారు ఆ చోట చదివినట్లు ఇంట్లో చెప్పుకుంటారని, ఇయర్‌బుక్కులో మాత్రం ఎక్కడా లేరని రాశారు. విద్యార్థుల చిరునామాల డైరెక్టరీలో వెతికితే ఆయన పేరు, ఊరు, అద్దె ఇంటి వీధి నంబరు వరుసగా కొన్నేళ్ళు దొరికాయి. చవక గదుల వీధి అది. ఏడాదికో ఇల్లు మారారు. ఫొటో ఒక్కటీ లేదు.

అలాగే, ఇయర్‌బుక్కు నవ్వుతూ చూపించేదాన్ని అప్పుడప్పుడు ఆగి చూడాలి. 1919లో మాడిసన్‌లో పేరున్న ఫ్రాటర్నిటీ నాయకులు కలిసి ఒక గౌరవ సంఘం పెట్టుకుని దానికి, తెల్లజాతి దురహంకారానికి పేరుమోసిన కూ క్లక్స్ క్లాన్ పేరే పెట్టుకున్నారు. ఆ పేరుతోనే ఇయర్‌బుక్కులో పేజీ ఉంది. తరువాత పేరు మార్చుకున్నారు. అదే పేరు గల జాతీయ సంస్థకు అనుబంధంగా మరో విద్యార్థి బృందం విడిగా ఏర్పడింది. 2018లో యూనివర్సిటీ నియమించిన అధ్యయన బృందం ఈ రెండింటినీ వేరుచేసి చూపింది, మొదటిదానికి జాతీయ సంస్థతో సంబంధం ఉన్నట్లు ఆధారం లేదని చెబుతూనే, ఆ పేరు ఎవరికీ అభ్యంతరకరం కాకపోవడమే ఆనాటి వాతావరణాన్ని పట్టిస్తుందని అభిప్రాయపడింది. ఆ పేజీలో ఉన్న కుర్రాళ్ళ బల్ల దగ్గర మీ కథానాయకుడు వడ్డించి ఉండవచ్చు. ఈ సంగతి నవలలో వాడుకుంటే రెండు సంఘాలను కలిపేయకండి.

ధరలు, దుస్తులు, సినిమా హాళ్ళు, గదుల అద్దెల కోసం డెయిలీ కార్డినల్ వార్తలకన్న దాని ప్రకటనలు చదవండి. మీ కథ జరిగే ఏడాది తీసుకుని, సెప్టెంబరు నుంచి జూన్ దాకా వారానికొక సంచిక చొప్పున చూస్తే చాలు. మాడిసన్ చేరడానికి షికాగో నుంచి రైలు వేయండి, సరస్సును డిసెంబరు చివరికో జనవరికో గడ్డకట్టించండి, మార్చి చివరి దాకా కరగనివ్వకండి. ఏ ఏడాది ఎంచుకున్నారో ఇక్కడ రాస్తే ఆ ఏడాదికి సరిపడే వివరాలు వీలునుబట్టి చెబుతాను.